చదివింపుల పుస్తకంలో చిక్కుకున్న చుట్టాలు

పెళ్లికి వెళ్తే అక్షింతలు వేసి, ఫొటో దిగి, భోజనాల వైపు నడిచే దారిలో ఒక చిన్న బల్ల కనిపిస్తుంది. దాని వెనక లెక్కల్లో పక్కాగా ఉండే బాబాయో మావయ్యో కూర్చుని ఉంటాడు. ముందు ఒక పొడుగాటి నోట్‌బుక్, మొదటి పేజీ నాలుగు మూలలా పసుపు, పైన ‘శ్రీరస్తు’. మనం కవరు ఇస్తాం. ఆయన చింపి, లెక్కపెట్టి రాసుకుంటాడు. పేరు, ఊరు, నూటపదహార్లా వెయ్యినూటపదహార్లా. కొన్ని ఊళ్లలో మైకులో పైకి చదువుతారు కూడా. అదే చదివింపుల పుస్తకం.

ఇప్పుడు ఆ బల్ల మీదకి క్యూఆర్ కోడ్ కూడా వచ్చేసింది. అయినా పుస్తకం పోలేదు. రేపు వాళ్లింట్లో పెళ్లయితే మనం ఎంత పెట్టాలో చెప్పాల్సింది ఆ పుస్తకమే. తక్కువ పెడితే చిన్నచూపు అంటారు. మరీ ఎక్కువ పెడితే గొప్పలు అంటారు. అసలు పిలవడమే మర్చిపోయామనుకోండి, ఏమీ అనరు. మాట్లాడటం మానేస్తారు.

మా ఇంట్లో ఇలాంటి పుస్తకాలు ఏడున్నాయి. అమ్మానాన్నల పెళ్లి నుంచి నా పెళ్లి వరకు, మధ్యలో బాబాయి పెళ్లి, గృహప్రవేశం, తమ్ముడి పంచెల ఫంక్షన్... అన్నీ. తమ్ముడికి సంబంధం కుదిరాక అమ్మ వాటిని బీరువాలోంచి తీసి నా ముందు పెట్టింది.

“నువ్వు చేసేది ఈ ఉద్యోగమేగా! వీటన్నిటినీ కలిపి ఫోన్లో చూసుకునేలా చేసిపెట్టవే” అంది.

నేను డేటాబేస్‌ల పని చేస్తాను కాబట్టి తప్పించుకోవడానికి దారి లేదు. బీటెక్‌లో డీబీఎంఎస్ చదివిన ఎవర్నడిగినా చెప్తారు, నార్మలైజేషన్ అంటే పరీక్షలో గ్యారంటీగా వచ్చే ప్రశ్న అని. ఆ ఏడు పుస్తకాలతో నెల రోజులు కూర్చున్నాక నాకు ఆ చాప్టర్ మీద గౌరవం పెరిగింది. మీకూ ఒక చదివింపుల పుస్తకం ఉంటే, ఇది మీ ఇంటి కథే.

ఒకే మావయ్య, ఐదు రకాలు

మా తెనాలి మావయ్య ఐదు పుస్తకాల్లో ఉన్నాడు. ఒకదాంట్లో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. ఒకదాంట్లో పొడి అక్షరాలు. ఒకదాంట్లో ‘తెనాలి మావయ్య’ అని మాత్రమే. మరోదాంట్లో పేరు పక్కన బెజవాడ అని ఉంది, ఆయన అప్పట్లో ట్రాన్స్‌ఫర్ మీద అక్కడున్నాడు. ఇక ఫోన్ నంబరు మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది. ఆయన నంబరు మార్చినప్పుడల్లా అమ్మ చేతికి దొరికిన పుస్తకంలో దిద్దింది. మిగతా వాటిలో పాతదే ఉండిపోయింది.

ఇక్కడ అమ్మ లెక్కలో లోపమేం లేదు. ఒకే సంగతిని ఐదు చోట్ల రాసిపెడితే, ఏదో ఒక రోజు ఆ ఐదూ ఒకదానితో ఒకటి ఒప్పుకోవు. అప్పుడు ఏది నిజమో పుస్తకం చెప్పలేదు, మనమే గుర్తుచేసుకోవాలి. డేటాబేస్ వాళ్లు దీన్ని అప్‌డేట్ అనామలీ అంటారు. నార్మల్ ఫామ్‌లన్నీ పుట్టింది ఇలాంటి చిక్కులు తప్పించడానికే. ఒక సంగతి ఒక్కచోటే ఉండాలి. మిగతా చోట్ల దాని గుర్తు మాత్రమే ఉండాలి.

ఈ ఆలోచనకి మూలం ఎడ్గర్ కాడ్. ఇంగ్లండ్‌లో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడి వైమానిక దళంలో పైలట్‌గా పనిచేసి, తర్వాత అమెరికా వెళ్లి ఐబీఎంలో చేరిన మనిషి. అప్పటి డేటాబేస్‌లు చెట్టు కొమ్మల్లా ఉండేవి. ఏ సమాచారం ఏ కొమ్మ మీద ఉందో, అక్కడికి ఎలా వెళ్లాలో ప్రోగ్రామ్ రాసేవాడికి తెలియాలి. అమరిక మారితే ప్రోగ్రామూ మార్చుకోవాలి. ఆ గొడవ మనకెందుకు, సమాచారాన్ని మామూలు టేబుళ్లుగా చూద్దాం అని 1970లో కాడ్ ఒక పేపర్ రాశాడు. మొదటి నార్మల్ ఫామ్ అందులోనే ఉంది. మరుసటి ఏడాది రెండు, మూడు చెప్పాడు. 1981లో ఆయనకి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మీ ఫోన్లో బ్యాంక్ యాప్ వెనక, రైలు టికెట్ వెనక ఇప్పటికీ నడుస్తున్నది చాలావరకు ఆ టేబుళ్ల పద్ధతే.

ఒక గడిలో ఒక్కటే

మొదటి నార్మల్ ఫామ్ చెప్పేది ఇంతే. ఒక గడిలో ఒక్క విలువే ఉండాలి.

మా పుస్తకంలో ఒక లైను చూడండి. ‘1116, చీర, వెండి కుంకుమభరిణె.’ ముచ్చటగానే ఉంది. కానీ “వెండి సామాను ఎవరెవరు పెట్టారే?” అని అమ్మ అడిగితే, ఏడు పుస్తకాల్లో ప్రతి లైనూ చదవాల్సిందే. అందుకని మూడు వస్తువులకి మూడు లైన్లు చేశాను.

ఇంకో లైను ఇంకా తమాషాగా ఉంది. ‘అన్నదమ్ములు ముగ్గురూ కలిసి 3348.’ రాసిన రోజున అది సరైన లైనే, అప్పుడు వాళ్లది ఉమ్మడి కుటుంబం. ఇప్పుడు ముగ్గురూ వేరుపడ్డారు. రెండో ఆయనకీ మూడో ఆయనకీ మాటల్లేవు. మూడు శుభలేఖలు వేరువేరుగా వెళ్లాలి. వాళ్ల పిల్లల పెళ్లిళ్లకి మనం మూడు చోట్ల పెట్టాలి. ఒకే గడిలో ముగ్గుర్ని కూర్చోబెట్టి ఉంచితే ఎలా? తలా 1116 చొప్పున మూడు లైన్లు అయ్యాయి.

ఆ తర్వాత అసలు తలనొప్పి మొదలైంది. ఎవరు ఎవరు? మా చుట్టాల్లో వెంకటేశ్వర్లు అనే పేరున్నవాళ్లు నలుగురు. ఊరు కలిపితే ముగ్గురు తేలారు. ఇంటిపేరు కలిపినా ఇద్దరు మిగిలారు, ఎందుకంటే వాళ్లు తాతామనవలు. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం ఉన్నంతకాలం మన దగ్గర పేరు ఎవరికీ కీ కాలేదు. కీ అంటే, దాన్ని చూస్తే ఒక్క మనిషే దొరకాలి. పోనీ ఫోన్ నంబరు పెడదామంటే అది మారుతుంది, తండ్రి నంబరు కొడుక్కి వెళ్తుంది.

అందుకే ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చాను. తెనాలి మావయ్య 17.

“మనుషులకి నంబర్లేంటే, జైల్లోలాగా?” అంది అమ్మ.

“నంబరు ఫోన్‌కి, అమ్మా. నీకు స్క్రీన్ మీద తెనాలి మావయ్య అనే కనిపిస్తుంది” అన్నాను. అప్పుడు ఊరుకుంది.

కాడ్ సాక్షిగా

రెండో, మూడో నార్మల్ ఫామ్‌లని గుర్తుపెట్టుకోవడానికి డేటాబేస్ వాళ్ల దగ్గర ఒక జోకు ఉంది. కోర్టు బోనులో ప్రమాణం లాంటిది. టేబుల్‌లోని ప్రతి కాలమ్ కీ గురించే చెప్పాలి, మొత్తం కీ గురించి చెప్పాలి, కీ తప్ప ఇంకేదాని గురించీ చెప్పకూడదు. దేవుడి సాక్షిగా అనాల్సిన చోట ‘కాడ్ సాక్షిగా’ అంటారు. ఇంగ్లిష్‌లో ఆ రెండు మాటలకీ ప్రాస కుదురుతుంది మరి.

మా పుస్తకానికి పెట్టి చూద్దాం. చదివింపుల లైనుకి కీ మూడు ముక్కలు: ఏ పెళ్లి, ఎవరు, ఏ వస్తువు. ఈ మూడూ కలిస్తేనే ‘1116’ అన్న అంకెకి అర్థం. మరి అదే లైనులో ఊరు ఎందుకుంది? ఊరు మనిషికి సంబంధించింది, పెళ్లితో దానికి పనిలేదు. పెళ్లి తేదీ ఎందుకుంది? అది పెళ్లికి సంబంధించింది, మనిషితో పనిలేదు. ఇవి కీలో ఒక ముక్క గురించే చెప్తున్నాయి. అందుకే మనుషులకి ఒక టేబుల్, వేడుకలకి ఒక టేబుల్, చదివింపులకి ఒక టేబుల్ వచ్చాయి. ఇది రెండో నార్మల్ ఫామ్.

మూడోది జిల్లాల దగ్గర బాగా అర్థమవుతుంది. మనుషుల టేబుల్‌లో ఊరు ఉంది, పక్కనే జిల్లా ఉంది. కానీ జిల్లా చెప్పేది మనిషి గురించి కాదు, ఊరి గురించి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. నరసరావుపేట గుంటూరు జిల్లాలోంచి పల్నాడు జిల్లాలోకి వెళ్లింది. రేపల్లె, చీరాల బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. మా చుట్టాలు ఎవరూ ఇల్లు కదల్లేదు, అయినా సగం మంది జిల్లా మారిపోయింది. తెలంగాణ వాళ్లకి ఈ అనుభవం 2016 దసరాకే అయింది, ఒక్కరోజులో 10 జిల్లాలు 31 అయ్యాయి.

జిల్లాని ప్రతి మనిషి పక్కనా రాసి ఉంటే, నరసరావుపేటలో ఉన్న ప్రతి చుట్టం లైనూ దిద్దాలి. ఒకటి మర్చిపోయినా ఒకే వీధిలో అన్న పల్నాడులో, తమ్ముడు గుంటూరులో ఉంటారు. ఊళ్లకి వేరే టేబుల్ పెడితే? నరసరావుపేట పక్కన ఒక్కసారి మారిస్తే అందరికీ మారినట్టే. ఊరి పేరు కూడా కీ కాదని మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. మా వైపు కొత్తపాలేలు ఎన్నున్నాయో లెక్కే లేదు.

తర్వాతి మెట్లు ఇంకా ఉన్నాయి. మూడోదాన్నే కాస్త బిగించి కాడ్, రేమండ్ బాయ్స్ కలిసి 1974లో ఇంకో ఫామ్ చెప్పారు. ఎస్‌క్యూఎల్ భాషకి రూపమిచ్చిన ఇద్దరిలో ఈ బాయ్స్ ఒకడు. ముప్ఫై నిండకుండానే అదే ఏడాది చనిపోయాడు. నాలుగో నార్మల్ ఫామ్‌ని 1977లో రోనాల్డ్ ఫేగిన్ చెప్పాడు. అది మాత్రం మన మేనరికాల ఇళ్లని చూసి రాశాడేమో అనిపిస్తుంది.

తెనాలి మావయ్య మాకు మూడు వరసల్లో చుట్టం. అమ్మ వైపు మావయ్య, నాన్న వైపు అన్నయ్య, మా చిన్నత్త పెళ్లయ్యాక ఇంకో వరస. ఆయనకి ఫోన్ నంబర్లు రెండు. వరసలూ నంబర్లూ ఒకే టేబుల్‌లో పెడితే, ప్రతి వరసకీ రెండు నంబర్లు చొప్పున ఆరు లైన్లు. ఆయన మూడో సిమ్ కొంటే ఇంకో మూడు లైన్లు. సిమ్‌కీ వరసకీ ఏం సంబంధం? రెండూ ఒకదానితో ఒకటి పనిలేని సంగతులు. వాటిని రెండు టేబుళ్లలో పెట్టమంటుంది నాలుగో ఫామ్.

మళ్లీ మళ్లీ రాసినంత మాత్రాన...

ఇక్కడ ఒక జాగ్రత్త. నార్మలైజేషన్ వచ్చిన కొత్తలో రెండోసారి కనిపించిన ప్రతిదాన్నీ కొట్టేయాలనిపిస్తుంది. అలా కుదరదు.

మీరు నిరుడు యాప్‌లో ఒక బిర్యానీ తెప్పించుకున్నారనుకోండి. హోటల్ వాడు ఈ నెల ధర పెంచాడు. మీ పాత బిల్లులో ధర మారకూడదు కదా! మెనూలో ఉన్నది ఇవాళ్టి ధర, బిల్లులో ఉన్నది ఆ రోజు మీరు కట్టిన డబ్బు. చూడటానికి రెండూ బిర్యానీ ధరలే, కానీ రెండూ వేరువేరు నిజాలు. అందుకే ఆ రెండూ ఉండాలి. మా పుస్తకంలో అరకాసు ఉంగరాలు ఉన్నాయి. అమ్మకి కావాల్సింది బరువు, ఎందుకంటే బంగారాన్ని బంగారంతోనే తీర్చాలంటుంది. కానీ తాతయ్య ఆనాటి ధర కూడా పక్కన రాశాడు. దాన్ని తీసేయలేదు. అది ఆ రోజు సంగతి.

ఇంకో విషయం. నార్మల్ ఫామ్‌లు టేబుల్‌ని సర్దిపెడతాయి తప్ప, టేబుల్ దేని గురించి ఉండాలో చెప్పవు. పాత పుస్తకాలన్నిటిలో లైను ఇంటి యజమాని పేరు మీద ఉంది. మా పిన్ని భర్త పోయి పన్నెండేళ్లు. ఆమె టైలరింగ్ చేసి పిల్లల్ని చదివించింది. నా పెళ్లికి 5116 పెట్టింది. పుస్తకంలో మాత్రం బాబాయి పేరు ముందు ‘కీ.శే.’ అని ఉంది. పోయినాయన వచ్చి చదివించినట్టు! ఆ లైనులో కాడ్ పట్టుకోగలిగే తప్పు ఒక్కటీ లేదు. టేబుల్‌లో ఉండాల్సింది ఇళ్లా, మనుషులా అన్నది మనమే తేల్చుకోవాలి. అమ్మా నేనూ మనుషులే అనుకున్నాం. పిన్ని 43. లైను ఆమె పేరు మీద ఉంది.

కాలిపోయిన పుస్తకం

ఏడు పుస్తకాలన్నాను కదా. నిజానికి ఎనిమిది ఉండాలి.

మా మేనత్త పెళ్లి 1994లో అయింది. ఏడాదిన్నర కూడా నిలవలేదు. ఆమె ఇంటికొచ్చేసిన కొన్నాళ్లకి తాతయ్య ఆ పెళ్లి ఫొటోలతో పాటు చదివింపుల పుస్తకాన్ని కూడా నీళ్లపొయ్యిలో పెట్టేశాడట. ఆ పెళ్లి ఊసే ఇంట్లో ఉండకూడదని ఆయన ఉద్దేశం. కూతురి బాధ చూడలేక చేసిన పని.

కానీ ఆ పుస్తకంలో ఉన్నది పెళ్లి ఒక్కటే కాదు. ఆ పెళ్లికి మాత్రమే వచ్చిన చుట్టాలు కొందరున్నారు. వాళ్ల పేరు, ఊరు, మనకి ఏమవుతారు అన్నది ఇంకెక్కడా రాసి లేదు. తాతయ్య, నాయనమ్మ ఉన్నన్నాళ్లూ వాళ్ల నోళ్లలో ఆ పేర్లు బతికాయి. ఇద్దరూ పోయాక ఆ చుట్టాలూ మాకు పోయినట్టే అయ్యారు. నా పెళ్లికి వాళ్లలో ఒక్కరినీ పిలవలేదు. పిలవాలని తెలిసినవాళ్లే లేరు.

డేటాబేస్ పాఠంలో దీని పేరు డిలీట్ అనామలీ. ఒక సంగతిని చెరిపేస్తే, దానితో అతుక్కుని ఉన్న ఇంకో సంగతి కూడా పోవడం. దీనికి అటువైపుది ఇన్సర్ట్ అనామలీ. తమ్ముడి అత్తవారు మాకు ఇంతవరకు ఏమీ చదివించలేదు, కాబట్టి ఏ పుస్తకంలోనూ వాళ్లకి చోటు లేదు. అమ్మ వాళ్ల నంబర్లు క్యాలెండర్ వెనక రాసుకుంది. చదివింపు ఉంటేనే మనిషి ఉన్నట్టు లెక్క అయితే ఇలాగే ఉంటుంది. మనుషుల టేబుల్ వేరుగా ఉంటే రూపాయి ఇవ్వనివాళ్లూ అందులో ఉంటారు. ఒక పెళ్లి చెరిగిపోయినా ఆ పెళ్లికి వచ్చినవాళ్లు ఉంటారు.

వేడుకల టేబుల్ నింపుతున్నప్పుడు మేనత్త వచ్చింది. ఆమె స్కూల్ టీచరు, మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఫోన్ తీసుకుని లిస్టు మొత్తం ఓపిగ్గా చూసింది.

“రేపల్లె పెద్దమ్మ ఏదే? ఈ లిస్టులో లేదేం?” అంది.

అమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం. ఆవిడెవరో నాకు తెలీదు. నాయనమ్మకి పెద్దమ్మ కూతురట. అత్త ఇంటికొచ్చేశాక, ఊళ్లో మాటలు పడలేక ఇబ్బంది పడుతుంటే, తీసుకెళ్లి నాలుగు నెలలు తన ఇంట్లో పెట్టుకుందట. బీఈడీకి అప్లికేషన్ పెట్టించింది కూడా ఆవిడేనట. నేను ఆ పేరు వినడం అదే మొదలు.

“ఆవిడ ఏ పెళ్లికి వచ్చిందని రాయను?” అని అడిగాను. అడిగాక గదిలో కాసేపు మాటల్లేవు. అమ్మ “అదంతా ఇప్పుడెందుకులే, పేరు ఒక్కటీ రాయి” అంది.

మేనత్తే అంది, “రాయవే. 1994. పెళ్లి జరిగింది కదా! తర్వాత ఏమైందన్నది వేరే సంగతి. వచ్చినవాళ్లు నన్ను చూసి దీవించి వెళ్లారు. పెట్టినవాళ్లు పెట్టారు. అవి అబద్ధం కాదుగా.”

వేడుకల టేబుల్‌లో ఎనిమిదో లైను చేరింది. ఆ సాయంత్రం ఆమె గుర్తుకొచ్చినవాళ్లని ఒక్కొక్కరినే చెప్తుంటే నేను కొట్టుకుంటూ పోయాను. ఒకరు పెట్టె ఇచ్చారు, ఒకరు ఇత్తడి బిందె. మొత్తం గుర్తుకొచ్చినవాళ్లు 11 మంది. ఎంత ఇచ్చారో గుర్తులేని చోట సున్నా వేయలేదు, ఖాళీగా వదిలేశాను. సున్నా అంటే ఏమీ ఇవ్వలేదని అర్థం. ఖాళీ అంటే మనకి తెలియదని.

రేపల్లె పెద్దమ్మ ఇప్పుడు కొడుకు దగ్గర ఒంగోలులో ఉంటోంది. శుభలేఖ తీసుకుని అత్తే స్వయంగా వెళ్లింది.

ఇప్పుడు అమ్మ ఫోన్లో ఒక పేరు కొడితే ఊరు, జిల్లా, వరస, ఇచ్చిందీ పుచ్చుకుందీ అన్నీ ఒకే స్క్రీన్ మీద కనిపిస్తాయి. విడివిడిగా దాచి, కలిపి చూపించడమే ఈ పద్ధతిలో సుఖం. ఏ టేబుల్ ఎక్కడుందో అమ్మకి తెలియనక్కర్లేదు, కాడ్ కోరుకున్నదీ అదే.

తమ్ముడి పెళ్లి హడావిడి తగ్గాక అత్త నాకు ఫోన్ చేసింది.

“1994లో నాకు పెట్టినవాళ్ల లిస్టు ఒక్కటీ విడిగా తీసి పంపగలవా?”

“ఒక్క నిమిషం పని. ఎందుకత్తా?”

“వాళ్లిళ్లల్లో పెళ్లిళ్లకి ఎవరూ నన్ను పిలవలేదు, మనమూ వాళ్లని పిలవలేదు. ముప్ఫై ఏళ్ల బాకీ. ఆ పెళ్లి నాది కాబట్టి ఆ చదివింపులు నేనే తీర్చుకుంటాను.”

క్వెరీ రాసి పంపాను. 11 లైన్లు వచ్చాయి. మర్నాడు పొద్దున్నే ఆమె నుంచి మెసేజ్: ‘ఇంకో ఇద్దరు గుర్తొచ్చారు. రాసుకో.’